కొత్త బ్యాటరీ వేసినా ఆగని టకటక: ఇంజన్ ఎర్త్ దగ్గర తేలిన ఒక కేసు

కీ తిప్పితే టకటకమని చప్పుడు, సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటర్) మాత్రం తిరగదు. ఈ కంప్లయింట్‌తో వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి బ్యాటరీ చూసుకుంటే సరిపోతుంది. ఈ బండికి సరిపోలేదు. బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటర్ విప్పి బాగు చేశారు, అయినా సమస్య మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతే మా వర్క్‌షాప్‌కి వచ్చింది. కారణం దొరికాక మొదటి నుంచీ జరిగినవన్నీ వరసగా పెట్టి చూస్తే, ముందు పని చేసినవాళ్ళు ఎవరూ ఊరికే చెయ్యలేదు. ప్రతి ఒక్కరికీ కళ్ళ ముందు ఏదో ఒక ఆధారం ఉంది. ఆ ఆధారాలు ఎలా దారి తప్పించాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఓనర్‌నీ బండినీ గుర్తుపట్టగల వివరాలు వదిలేశాను.

నేపథ్యం

చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, క్లచ్ వైరుతో పనిచేసే రకం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇల్లు కూకట్‌పల్లి వైపు, ఆఫీసు మాదాపూర్ వైపు. రెండు చోట్లా సెల్లార్ పార్కింగే. దూరం తక్కువే, పొద్దున రోడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది. సాయంత్రం మాత్రం ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేసుకుని ఫస్టు గేరులో, సెకండు గేరులో పాకడమే.

మొదటిసారి ఒక సాయంత్రం సెల్లార్‌లో ఆగిపోయింది. రోడ్‌సైడ్ సర్వీసు అతను వచ్చి, వేరే బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే జంపర్ కేబుల్ తగిలించగానే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు. మూడేళ్ళు దాటిన బ్యాటరీ, హైదరాబాద్ ఎండ, జంప్ ఇస్తే స్టార్ట్ అయింది. ఇన్ని ఉన్నాక ఎవరైనా అదే అంటారు. కొత్త బ్యాటరీ వేశారు, కొన్ని వారాలు బాగానే నడిచింది.

రెండోసారి మళ్ళీ సాయంత్రమే. ఈసారి పక్క కారు నుంచి సెక్యూరిటీ అతను జంపర్ ఇచ్చాడు, స్టార్ట్ అవ్వలేదు. నలుగురు తోస్తే అయింది. దారిలో ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర చూపిస్తే, సెల్ఫ్ మోటర్ దాకా 12 వోల్టులు వస్తున్నాయి, అయినా తిరగట్లేదు, కాబట్టి మోటరే పోయిందని తేల్చాడు. విప్పి చూస్తే కార్బన్లు (మోటర్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) నిజంగానే కొంచెం అరిగి ఉన్నాయట. కార్బన్లూ, సోలనాయిడ్ (కీ తిప్పగానే మోటర్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లోపలి రాగి కాంటాక్టులూ మార్చి, బల్ల మీద బ్యాటరీ తగిలించి తిప్పి చూపించాడు. గిర్రున తిరిగింది. బిగించాక బండి కూడా బాగానే పనిచేసింది. నెల తిరక్కుండానే మళ్ళీ టకటక.

మా దగ్గరికి వచ్చినప్పుడు

సాయంత్రం తోసి స్టార్ట్ చేసి, ఎక్కడా ఆపకుండా నేరుగా తీసుకొచ్చారు. షెడ్డులోకి తెచ్చి ఆపాక కీ తిప్పమంటే టకటకటక. సమస్య మా కళ్ళ ముందే ఉంది. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే జబ్బు ఉన్నప్పుడు ఇంతకన్నా అదృష్టం లేదు. అందుకే మొదట కుర్రాళ్ళకి చెప్పింది, దేన్నీ కదిలించొద్దని. బ్యాటరీ టెర్మినల్స్ విప్పి గీకడం, ఎమరీ పేపర్ పెట్టి రుద్దడం మామూలుగా మన చేతులు ముందు చేసే పని. అది చేస్తే ఎక్కడో లూజుగా ఉన్న వైరు కాస్త సర్దుకుని బండి స్టార్ట్ అవుతుంది, కారణం మాత్రం దొరకదు. ముందు కొలవాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి.

ఓనర్‌ని కూర్చోబెట్టి అడిగాను. "పొద్దుగాల అయితది అన్నా, కానీ జర బద్ధకంగా తిరుగుతది. పొద్దుమూకి ట్రాఫిక్‌ల నడిపి ఆపినంక అస్సలు తీసుకోదు" అన్నారు. స్పానర్‌తో సెల్ఫ్ మీద కొట్టి చూశారా అని అడిగితే, కొట్టారు గానీ లాభం లేదన్నారు. కార్బన్లు అతుక్కుపోయే మోటరైతే ఆ దెబ్బకి ఒక్కోసారి తిరుగుతుంది. ఇక్కడ తిరగలేదు, పైగా కార్బన్లు కొత్తవి. ఈ మధ్య ఇంకేమైనా పని చేయించారా అన్నాను. "ఏం లేదన్నా, క్లచ్ వైర్ టైట్ అయిందని మార్చిన్రు, అంతే" అన్నారు. ఆ మాట రాసుకుని పక్కన పెట్టాను.

చప్పుడు ఏం చెబుతుంది

క్లిక్ అన్నీ ఒకటి కావు. ఫ్యూజ్ బాక్స్ దగ్గర సన్నగా ఒక్క 'టిక్' వినిపించి ఇంకేమీ జరగకపోతే రిలే (కీ తిప్పితే సోలనాయిడ్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్) పడుతోంది గానీ సోలనాయిడ్ దాకా కరెంటు చేరడం లేదు. ఇంజన్ కింద నుంచి బరువుగా ఒక్క 'టక్' వస్తే సోలనాయిడ్ లాగి పట్టుకుంది, మోటర్ తిరగడం లేదు. అప్పుడు కాలిపోయిన కాంటాక్టులు, అరిగిన కార్బన్లు, ఒక్కోసారి బిగుసుకుపోయిన ఇంజన్. ఆపకుండా టకటకటక అంటుంటే సోలనాయిడ్ లాగుతోంది, మెయిన్ కాంటాక్టు కలవగానే వోల్టేజ్ పడిపోయి వదిలేస్తోంది, వదలగానే వోల్టేజ్ లేచి మళ్ళీ లాగుతోంది.

ఈ మూడోది వినగానే అందరం బ్యాటరీ అంటాం. ఎక్కువసార్లు నిజమే. కానీ ఆ చప్పుడు చెప్పేది ఒక్కటే: సెల్ఫ్ మోటర్‌కి అందే వోల్టేజ్ లోడు పడగానే కూలిపోతోంది. ఎక్కడ కూలిపోతోందో అది చెప్పదు. బ్యాటరీ లోపల కావచ్చు, ప్లస్ కేబుల్లో కావచ్చు, మోటర్ నుంచి ఇంజన్ లోహం మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వచ్చే ఎర్త్ దారిలో కావచ్చు.

ఇక్కడ ఒక విషయం కంటికే తెలిసింది. హెడ్‌లైట్లు వేసి కీ తిప్పమన్నాను. బ్యాటరీ నీరసంగా ఉంటే ప్రతి టక్‌కీ లైట్లు బాగా డల్ అవుతాయి, ఒక్కోసారి ఆరిపోతాయి. ఈ బండిలో లైట్లు కాస్త వణికాయి, అంతే. బ్యాటరీ నిలబడి ఉంది. సెల్ఫ్ లాగవలసిన కరెంటు బయటికే రావడం లేదు.

కొలతలు

బ్యాటరీ కొత్తదే అయినా, ఇంజన్ ఆపి కాసేపయ్యాక 12.3 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దాకా ఉండాలి. సగానికి కాస్త పైన ఉందన్నమాట. కొన్న కొద్దికాలానికే ఎందుకు నిండలేదన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు తర్వాత దొరికింది. ముందు బ్యాటరీని లెక్కలోంచి తీసేయాలి. దాన్ని విప్పకుండానే పక్కన మా షాపులోని పెద్ద బ్యాటరీ పెట్టి ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ నేరుగా టెర్మినల్స్ మీదే జంపర్ తగిలించాను. కీ తిప్పితే అదే టకటక. రెండు బ్యాటరీలు కలిసినా తిప్పలేకపోయాయంటే తప్పు బ్యాటరీది కాదు.

సెల్ఫ్ రిలే తీసి, అదే నంబరున్న వేరే రిలే వేశాం. తేడా లేదు. సోలనాయిడ్ లాగుతూనే ఉంది కాబట్టి రిలే మీద నాకు ఆశ లేదు, కానీ అర నిమిషం పని.

తర్వాత వోల్టేజ్ కొలిచే మీటర్. కీ తిప్పి పట్టుకోమని, టకటక జరుగుతున్నప్పుడే కొలిచాను. బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య 12 దగ్గర ఊగుతోంది. తిరిగే చిన్న పెట్రోల్ ఇంజన్ సెల్ఫ్ 100 నుంచి 150 యాంపియర్ల దాకా లాగుతుంది. అంత లాగినా మంచి బ్యాటరీ 9.6 కిందికి దిగకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఇది 12 దగ్గరే ఆగింది. ఇది మంచి వార్త కాదు. చాలినంత కరెంటు వెళ్ళడం లేదని అర్థం. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపులో ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పితేనే ఎంత ధార వస్తుందో తెలిసేది.

మీటర్ నల్ల ప్రోబ్ (కొలిచే మొన) బ్యాటరీ మైనస్ మీదే ఉంచి, ఎర్ర ప్రోబ్ సెల్ఫ్ మోటర్ మెయిన్ బోల్టు మీద పెడితే 11.9. ప్లస్ కేబుల్లో పోతున్నది 0.1 వోల్టు మాత్రమే, అది ఆరోగ్యంగా ఉంది. ముందు చూసిన ఎలక్ట్రీషియన్ ఆగింది సరిగ్గా ఇక్కడే. "12 వస్తున్నాయి, తిరగట్లేదు, మోటర్ పోయింది." వినడానికి తప్పేమీ లేదు. కానీ ఆ 12 బ్యాటరీ మైనస్‌తో పోల్చి చూసిన 12. సెల్ఫ్ మోటర్‌కి బ్యాటరీ మైనస్‌తో నేరుగా సంబంధం లేదు. దాని మైనస్ దాని బాడీయే. ఆ బాడీ గేర్‌బాక్స్‌కి బిగించి ఉంటుంది, గేర్‌బాక్స్ నుంచి ఎర్త్ కేబుల్ బ్యాటరీకి వెళుతుంది.

నల్ల ప్రోబ్ తీసి సెల్ఫ్ మోటర్ బాడీ మీద పెట్టాను. కీ తిప్పితే మీటర్ 3కీ 4కీ మధ్య కొట్టుకుంటోంది. అప్పుడు ఒక ప్రోబ్ ఇంజన్ మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టాం. ఈ రెండింటి మధ్య దాదాపు సున్నా ఉండాలి, క్రాంక్ చేస్తున్నప్పుడు (సెల్ఫ్‌తో ఇంజన్‌ని తిప్పుతున్నప్పుడు) కూడా 0.2, మహా అయితే 0.3. ఇక్కడ 8 వోల్టులు. మోటర్‌కి అందవలసిన వోల్టేజ్‌లో మూడింట రెండు వంతులు ఎర్త్ దారిలోనే కరిగిపోతోంది.

ఖాయం చేసుకోవడానికి జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజన్ లిఫ్టింగ్ హుక్‌కి తగిలించాం. గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేక్ వేసి ఉందా అని చూసుకుని కీ తిప్పాం. వెంటనే స్టార్ట్ అయింది.

అప్పుడు అర్థమైన పాత సంగతులు

రోడ్‌సైడ్ సర్వీసు అతను పద్ధతి తెలిసిన మనిషి. జంప్ ఇచ్చేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్ మీద కాకుండా ఇంజన్ మీద గట్టి లోహానికి తగిలించాలని మాన్యువల్స్‌లో ఉంటుంది. బ్యాటరీ దగ్గర గ్యాస్ ఉండొచ్చు, నిప్పురవ్వ పడకూడదని. అతను అలాగే చేశాడు. దాంతో చెడిపోయిన ఎర్త్ కేబుల్‌కి పక్క దారి దొరికి బండి స్టార్ట్ అయింది, నింద బ్యాటరీ మీద పడింది. సెక్యూరిటీ అతను రెండు క్లిప్పులూ బ్యాటరీ మీదే పెట్టాడు. స్టార్ట్ అవ్వలేదు. ఒకే జబ్బుకి రెండు జంపులు రెండు ఫలితాలిచ్చాయి. క్లిప్పు ఎక్కడ పెట్టారని ఎవరైనా అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. ఓనర్‌కి మాత్రం గుర్తుంది. అడిగితే ఫోన్‌లో తీసిన ఫొటో కూడా చూపించారు. నల్ల క్లిప్పు ఇంజన్ బ్రాకెట్ మీదే ఉంది.

బల్ల మీద మోటర్ గిర్రున తిరగడంలోనూ వింత లేదు. అక్కడ ఎర్త్ నేరుగా మోటర్ బాడీకే ఇస్తాం. బిగించాక కొన్ని వారాలు బండి బాగుండడానికి కారణం, ఈ మోడల్లో ఎర్త్ కేబుల్ బోల్టు సెల్ఫ్ పక్కనే ఉంటుంది. మోటర్ దించాలంటే ఆ కేబుల్‌ని పక్కకి లాగాలి. లాగినప్పుడు లోపలి తీగలు కదిలి కొత్తగా తగులుకున్నాయి.

ఇక క్లచ్ వైరు. ఇది నాకు ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు. ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి సరైన దారి లేనప్పుడు సెల్ఫ్ కరెంటు దొరికిన లోహాన్నల్లా పట్టుకుని పోతుంది. ఒక కొస గేర్‌బాక్స్ మీద, ఇంకో కొస బండి బాడీ మీద ఉన్న క్లచ్ వైరు దానికి సిద్ధంగా దొరికే దారి. ఉక్కు వైరు వేడెక్కి, లోపలున్న ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి వైరుని పట్టేస్తుంది. పెడల్ బరువెక్కుతుంది. కొత్త వైరు మీద చెయ్యి పెట్టి చూస్తే అది కూడా అప్పటికే గోరువెచ్చగా ఉంది. అప్పటిదాకా మేం చేసిందల్లా కొన్నిసార్లు కీ తిప్పి పట్టుకోవడమే.

మొదట చేసింది, అది ఎందుకు చాలలేదు

ఎర్త్ అనగానే చేసే పని బోల్టు విప్పి శుభ్రం చేయడం. గేర్‌బాక్స్ మీద ఆ చోట అల్యూమినియం తెల్లటి పొడి కట్టి ఉంది. తోమి మెరిసే లోహం తెప్పించి, బోల్టు గట్టిగా బిగించాం. ఈసారి స్టార్ట్ అవ్వకుండా కేవలం తిరిగేలా ఫ్యూయల్ పంప్ రిలే తీసేసి కొలిస్తే తేడా 8 నుంచి 0.6కి దిగింది. సెల్ఫ్ కూడా హుషారుగా తిరిగింది. చాలామంది బండి ఇక్కడే ఇచ్చేస్తారు.

నేను ఆపాను. రెండు కారణాలు. 0.6 ఇంకా ఉండవలసిన దానికంటే ఎక్కువే. పైగా ఓనర్ చెప్పిన 'పొద్దున అవుతుంది, సాయంత్రం అవ్వదు' అనే మాటకి బోల్టు కింది పొడి సమాధానం చెప్పడం లేదు. పొడి పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఉంటుంది. వేడికి మారేదేదో ఉండాలి. రిలే తిరిగి పెట్టి, ఏసీ వేసి ఇంజన్ నడుస్తూ వదిలేశాం. రేడియేటర్ ఫ్యాన్ చాలాసార్లు తిరిగి ఆగాక మళ్ళీ క్రాంక్ చేసి కొలిస్తే 2 వోల్టులు దాటింది.

బోల్టు కాదు, కేబులే. కానీ కేబుల్లో ఎక్కడ? ఒక ప్రోబ్ గేర్‌బాక్స్ వైపు లగ్గు (కేబుల్ కొసన బోల్టు పట్టే లోహపు ముక్క) మీద పెట్టి, రెండో ప్రోబ్‌కి సూది తగిలించి, లగ్గుకి వేలెడు దూరంలో కేబుల్ తొడుగులోంచి రాగికి గుచ్చాం. నష్టమంతా దాదాపు ఆ వేలెడు మేరలోనే ఉంది. కేబుల్ కోసి తొడుగు చీలిస్తే లగ్గు మెడ దగ్గర తీగలు నల్లబడి, మధ్యలో పచ్చటి చిలుము పొడిలా రాలింది. కొన్ని తీగలు చేత్తో తాకితేనే విరిగాయి. పైకి మాత్రం కేబుల్ నిక్షేపంగా కనిపిస్తోంది. అది వేడెక్కితే లగ్గు మెడ వదులవుతుంది, ఆ మిగిలిన నాలుగు తీగల పట్టు కూడా పోతుంది.

ఇదే కేబుల్‌ని ఓమ్స్‌లో (కరెంటుకి ఎంత అడ్డుందో చెప్పే కొలతలో) కొలిస్తే ఏమీ తెలియదు. 80 యాంపియర్ల దగ్గర 8 వోల్టులు పోవడానికి 0.1 ఓమ్ చాలు. మామూలు మీటర్ ప్రోబ్ వైర్లే 0.2, 0.3 చూపిస్తాయి. తీగ తెగిందో లేదో చెప్పే బీప్ పెట్టి చూస్తే బీప్ కూడా వస్తుంది, ఒక్క తీగ మిగిలినా వస్తుంది. టెస్ట్ ల్యాంప్ కూడా నిండుగా వెలుగుతుంది, దానికి కావలసిన కరెంటు అంత తక్కువ. వందల యాంపియర్లు మోయవలసిన దారిని, ఆ బరువు పెట్టినప్పుడే పరీక్షించాలి.

నీళ్ళు ఎలా చేరాయంటే, ఓనర్ కొన్న తర్వాత బండి ఎప్పుడూ మునగలేదు. అంతకుముందు సంగతి తెలియదన్నారు. సీట్ల కింద పట్టాల మీద తుప్పు, కార్పెట్ అడుగున ఎండిన బురద గీత చూస్తే ఎక్కడో చక్రాల ఎత్తు దాకా నీళ్ళలో నిలిచిన బండే. మన ఊళ్ళో సెల్లార్లకి ఇది కొత్త కాదు. 2020 అక్టోబర్ 13 వాన తర్వాత ఎన్ని కాలనీల్లో బండ్లు మునిగాయో చూశాం. అలాంటి బండికి ఆయిలూ సీట్లూ మారుస్తారు గానీ కేబుళ్ళ జోలికి ఎవరూ పోరు. లగ్గు దగ్గర తొడుగులోకి దూరిన నీరు రాగి తీగల మధ్య సందుల్లో పైకి పాకి, ఏళ్ళ తరబడి తింటూ ఉంటుంది.

పనిచేసింది

సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, టిన్ పూత ఉన్న లగ్గులు తెప్పించాం. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే) గొట్టం తొడిగాం. సుత్తితో నొక్కిన లగ్గు పైకి బిగుతుగానే ఉంటుంది, లోపల గాలి మిగులుతుంది, మళ్ళీ అదే కథ. బండి బాడీకి వెళ్ళే చిన్న ఎర్త్ కూడా మార్చాం. బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ రాశాం.

ఇంజన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య క్రాంక్‌లో 0.12 వోల్టు. బ్యాటరీ ఇప్పుడు 10.6కి దిగుతోంది. ముందు 12 దగ్గర నిలబడిన బ్యాటరీ ఇప్పుడు కిందికి దిగడం చూసి మా దగ్గర నేర్చుకుంటున్న అబ్బాయి కంగారుపడ్డాడు. దిగాలి, ఇప్పుడే అది పని చేస్తోంది.

మిగిలింది, కొత్త బ్యాటరీ ఎందుకు నిండలేదన్నది. పాత కేబుల్ తీయకముందే, బోల్టు శుభ్రం చేశాక ఇంజన్ నడుస్తున్నప్పుడు ఒక కొలత తీసి పెట్టాను. ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) దాని సొంత బాడీతో పోలిస్తే 14.2 ఇస్తోంది. లైట్లూ ఏసీ వేస్తే బ్యాటరీ దగ్గర 13.4 మాత్రమే. ఆల్టర్నేటర్ కూడా ఇంజన్‌కే బిగించి ఉంటుంది, దాని కరెంటు కూడా అదే ఎర్త్ కేబుల్ మీదుగా తిరగాలి. ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని అదుపు చేసే ఈ రకం రెగ్యులేటర్ తన దగ్గరి వోల్టేజ్ మాత్రమే చూసుకుంటుంది, మధ్యలో పోయినది దానికి తెలియదు. సాయంత్రం ట్రాఫిక్ మొత్తం బ్యాటరీ అర్ధాకలితో నడిచింది. అంటే పాత బ్యాటరీని తొందరగా నీరసపెట్టిందీ ఈ కేబులే. కొత్త కేబుల్‌తో బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. ఆ బ్యాటరీని రాత్రంతా స్లో ఛార్జింగ్ పెట్టి అదే వాడాం, మార్చలేదు.

కేబుల్, లగ్గులు కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ముందు పెట్టిన బ్యాటరీ ఖర్చు, సెల్ఫ్ ఖర్చు తలుచుకుని ఓనర్ బాధపడ్డారు. సెల్ఫ్‌లో వేసిన కార్బన్లు వృథా కాదు, అవి అరిగే ఉన్నాయి. బ్యాటరీ విషయంలో మాత్రం ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు మా దగ్గర

టకటక అంటూ వచ్చిన ఏ బండికైనా బ్యాటరీ మార్చమని చెప్పే ముందు నాలుగు కొలతలు రాయాలని పెట్టుకున్నాం. అన్నీ కీ తిప్పి పట్టుకున్నప్పుడే. బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య, బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మెయిన్ బోల్టుకి, సెల్ఫ్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి, సోలనాయిడ్ చిన్న వైరు నుంచి సెల్ఫ్ బాడీకి. ప్రోబ్‌ని టెర్మినల్ క్లిప్పు మీద కాదు, సీసపు స్తంభం మీదే పెట్టాలి, లేకపోతే క్లిప్పుకీ స్తంభానికీ మధ్య పోయేది లెక్కలోకి రాదు. బ్యాటరీ బాగా పడిపోతే దాన్ని ఛార్జ్ చేసి లోడ్ టెస్ట్ చేస్తాం. పడకపోతే ఎక్కువసార్లు మిగతా మూడింట్లో ఏదో ఒకటి దొంగ.

ఓనర్లని అడిగేవి కూడా పెరిగాయి. జంప్ ఇచ్చారా, నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టారు, తోస్తే అయిందా, చప్పుడప్పుడు లైట్లు డల్ అయ్యాయా, క్లచ్ గానీ యాక్సిలరేటర్ వైరు గానీ ఈ మధ్య మార్చారా, బండి నీళ్ళలో నిలిచిందా. ఇంటి దగ్గరే చేసుకోగలిగింది ఒకటుంది. జంపర్ కేబుల్ ఉంటే, వేరే బండి అవసరం లేకుండా, నల్ల కేబుల్ ఒక కొస సొంత బ్యాటరీ మైనస్‌కీ, రెండోది ఇంజన్ మీద రంగు లేని లోహానికీ తగిలించి కీ తిప్పండి. ఫ్యాన్, బెల్టులకి దూరంగా, గేరు న్యూట్రల్‌లో. దాంతో స్టార్ట్ అయితే కొత్త బ్యాటరీ కొనకండి, ఎర్త్ కేబుల్ చూపించండి. అవ్వకపోతే అదొక్కటే సమస్య కాదని తెలుస్తుంది. స్టార్ట్ అయినా కాకపోయినా ఆ సంగతి మెకానిక్‌కి చెప్పండి, సగం పని తగ్గుతుంది.

ఈ బండి వానాకాలం తర్వాత సర్వీసుకి వచ్చింది. క్లచ్ వైరు మెత్తగానే ఉంది. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడే ఎర్త్ కొలిచాం, 0.13.